గురి తుపాకీకి ఏ రంగు

"రంగులేని మనిషిని నేనే. రంగులున్న మనిషి ఎలా ఉంటాడో ఓసారి చూసిపోదామని వచ్చాను."

అతను కంప్యూటర్ మీంచి తలెత్తాడు. బల్లకి అవతల ఒకమ్మాయి నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో టీ కప్పు, కోపం అనడానికి వీల్లేని ఒక చిరునవ్వు. ఆమె చూపు అతని మొహం దగ్గర ఆగలేదు. కాలరు దగ్గర మొదలై నింపాదిగా కిందికి దిగింది.

"బూడిదరంగు స్వెటర్," అంది. "బూడిదరంగు ప్యాంటు. బాగుంది."

అతను తన బట్టల్ని అప్పుడే ఎవరో తొడిగి వెళ్ళినట్టు చూసుకున్నాడు. ఎవరొచ్చారో అర్థమై చెవులు వేడెక్కాయి.

అతని ఉద్యోగం తుపాకులకు రంగులెయ్యడం. నిజం తుపాకులు కావు. నలుగురు నలుగురు రెండు జట్లుగా చేరి ఆడే ఒక వీడియో గేమ్ ఉంది, అందులోవి. పైన వేసే ఆ రంగుల తొడుగుని స్కిన్ అంటారు. దానివల్ల తూటా వేగం పెరగదు, గురి కుదరదు. చొక్కా మార్చినంత తేడా, అంతే. కానీ చొక్కా ఎంపికలో మనిషి బయటపడినట్టే స్కిన్ ఎంపికలోనూ బయటపడతాడని అతని గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే చిక్కు తెచ్చుకున్నాడు. ఫైనల్‌కి చేరిన జట్టులోని నలుగురికీ తలా ఒక స్కిన్ గీయమని కంపెనీ అతనికి అప్పగించింది. గీస్తూ గీస్తూ, తుపాకీని చూసి మనిషిని చెప్పే నాలుగు మాటలు కూడా రాసి కంపెనీ పేజీలో పెట్టాడు.

జట్టులో అందరికంటే చిన్నవాణ్ణి తారాజువ్వ అంటారు. బంగారు రంగు, నిప్పురవ్వలు ఉంటే తప్ప తుపాకీ ముట్టడు. ప్రతి తలుపులోంచీ ముందు దూరేది అతనే, ముందు పడిపోయేదీ అతనే. కెప్టెన్‌ది పాత తోలుసంచి రంగు. మెరుపు ఉండదు, పొరపాటూ ఉండదు. కునుకు అని ఇంకొకడు. వాడిది మబ్బుల నీలం. కుర్చీలో నిద్రపోతున్నట్టే ఉంటాడు గానీ వాణ్ణి దాటి ఈగ పోలేదు. ఈ ముగ్గురి గురించి రాసింది చదివి అందరూ భలే కనిపెట్టాడన్నారు.

నాలుగో మనిషి దూరం నుంచి కాల్చే స్నైపర్, ఇప్పుడు ఎదురుగా నిలబడ్డ అమ్మాయి. ఆమెను గురి అంటారు. గేమ్ మొదట్లో ఉచితంగా వచ్చే బూడిదరంగు తుపాకీని ఇంతవరకూ మార్చలేదు. ఆమె గురించి అతను రాసింది ఇదీ: "రంగులేని తుపాకీ, రంగులేని మనిషి. దూరంగా కూర్చుని ఎదురుచూడటం ఒక్కటే ఈమెకు తెలుసు." రాసినప్పుడు వాక్యం బాగా కుదిరిందనుకున్నాడు. అభిమానులకూ అలాగే అనిపించి ఊరంతా పాకించారు.

"నేను ఆట గురించి రాశానండీ," అన్నాడు.

"మనిషి అని రాశారు. చదివి వినిపించనా?"

"వద్దు."

"చూడక్కర్లేదు. కంఠతా వచ్చు."

ఈలోగా మేనేజర్ గది తలుపు తెరుచుకుంది. "కలుసుకున్నారా, మంచిదైంది. ఏమయ్యా, ఈవిడ స్కిన్ ఒక్కటే మిగిలింది. ఫైనల్‌కి నాలుగూ కలిపి విడుదల చెయ్యాలి. ఒక్కటి తగ్గినా అన్నీ ఆగిపోతాయి. నీ ఉద్యోగం ఖాయం చేసే సంగతి కూడా దాంతోనే ముడిపడి ఉంది."

"నాకు వద్దన్నాను కదండీ," అంది గురి.

"కారణం చెప్పలేదమ్మా."

"మీరు కావాలా వద్దా అని అడిగారు. వద్దన్నాను. కారణం అడగలేదు."

మేనేజర్ మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయాడు. గురి సంచి సర్దుకోబోయి చెయ్యి విసిరింది. కప్పులో టీ మొత్తం స్వెటర్ మీదికి వచ్చేసింది. నిజంగానే పొరపాటు. ఆమె కంగారుపడింది కూడా. కానీ ఆ కంగారు ఎంతోసేపు నిలవలేదు.

"పోనీలెండి," అంది. "మీకైనా రంగొచ్చింది."

సంచిలోంచి రుమాలు తీసి ఇచ్చింది. "వీధి చివర బట్టలు ఉతికే షాపుంది. అక్కడివ్వండి, ఎంత మొండి మరకైనా తీసేస్తారు." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "రేపు ప్రాక్టీసుకి వచ్చి నా వెనక కూర్చోండి. మనిషిని చూశాక కూడా రంగు లేదనిపిస్తే అదే మాట మళ్ళీ రాసుకోండి. నేనేం అనను."

* * *

ప్రాక్టీసు గది ఒక పాత భవనంలో మూడో అంతస్తు. మందపాటి తెరలు, వరసగా నాలుగు బల్లలు, చేతులు అరిగిపోయిన నాలుగు కుర్చీలు. అతనికి గురి వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అది కాస్త కదిలితే కిర్రుమనేది. కిర్రుమన్నప్పుడల్లా కునుకు కళ్ళు తెరవకుండానే "ఎవరో వచ్చారు" అనేవాడు.

తెర మీద బూడిదరంగు తుపాకీ కదలకుండా కిటికీలో ఉంది. కానీ దాని యజమానురాలి నోరు మాత్రం ఊరుకోవడం లేదు.

"తారాజువ్వా, ఆ తలుపు వెనక ఎవరూ లేరనుకుంటున్నావు కదూ."

"లేదక్కా, నేనసలు అటు వెళ్ళడమే లేదు."

"వెళ్ళావు."

"...పోయాను."

"సరే, అలా పడుకుని ఆలోచించుకో. కెప్టెన్, ఎడమ పక్క మెట్ల మీద ఒకడున్నాడు, పాపం వాడికి నేను కనబడలేదు." ఒకే ఒక్క చప్పుడు. "ఇప్పుడు కనబడ్డాను."

అలా మాట్లాడుతూనే ఉంటుంది. నవ్విస్తుంది, హెచ్చరిస్తుంది, ఓడిపోతున్నప్పుడు గొంతు మరింత మెత్తబడుతుంది. ఒక మధ్యాహ్నం తారాజువ్వ వరసగా ప్రతి ఆటలో మొదటివాడుగా పడిపోయి, హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేశాడు. తర్వాతి ఆటలో గురి కిటికీ వదిలేసి, వాడి కంటే ముందు తనే తలుపులోకి దూకింది. దూకిన క్షణంలోనే పడిపోయింది.

"ఇది నిజంగానే కష్టంరా," అంది తాపీగా. "నువ్వు రోజూ ఎలా చేస్తున్నావు?"

వాడు నవ్వి హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. వెనక ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న మనిషికి మాత్రం తను రాసిన వాక్యం గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే పేజీలోంచి దాన్ని తీసేశాడు. పాకిపోయిన మాటను మాత్రం వెనక్కి తేలేకపోయాడు.

రోజూ వెళ్ళేముందు ఒక ప్రశ్న అడిగేవాడు. "ఆ తుపాకీ బూడిదరంగులోనే ఎందుకుంది?"

మొదటిసారి, "రంగులు చూస్తే నాకు తుమ్ములొస్తాయి," అంది. మర్నాడు, "రంగులన్నీ తారాజువ్వే వాడేశాడు. మిగిల్తే కదా." ఆ మర్నాడు చాలా గంభీరంగా, "పోయిన జన్మలో నేను ఏనుగుని. అలవాటు పోలేదు."

కొన్నాళ్ళకి అతను జవాబు కోసం కాక, ఇవాళ ఏం కల్పిస్తుందో విందామని అడగడం మొదలుపెట్టాడు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ కూడా ఇవాళ ఏమంటుందా అని ఆలోచించేవాడు. ఆమె అతన్ని 'రంగులబాబు' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు జట్టంతా అందుకుంది.

ఒకరోజు ప్రాక్టీసు ముగిసేసరికి వాన దంచుతోంది. మిగతావాళ్ళు తడుస్తూనే పరుగెత్తారు. వీళ్ళిద్దరూ మెట్ల కింద రేకు పంచన నిలబడిపోయారు. రేకు మీద వాన మోతకి ఒకరి మాట ఒకరికి వినబడాలంటే దగ్గరగా రాక తప్పలేదు. అందుకు వాననేం తప్పుపట్టలేదు ఇద్దరూ.

"ఇవాళ అడగలేదేం?" అంది.

"ఇవాళ నిజం చెబుతారేమోనని భయమేసింది. చెప్పేస్తే రేపటి నుంచి అడగడానికి ఏమీ ఉండదు."

ఆమె అతనివైపు ఒకసారి చూసి, మళ్ళీ వానవైపు చూసింది.

"మా అమ్మ కోసం," అంది. "నా మ్యాచ్‌లన్నీ టీవీలో చూస్తుంది. ఆట ముక్క అర్థం కాదు. తెర మీద పేర్లు చిన్న అక్షరాలు, కనబడవు. కళ్ళద్దాలు పెట్టుకుంటే పనిచేసేచోట ఆవిరికి మసకబారతాయి. మొదటి మ్యాచ్‌కి ఫోన్ చేసి చెప్పాను, బూడిదరంగు తుపాకీ నాదమ్మా అని. అప్పట్నించి దాన్నే చూస్తూ కూర్చుంటుంది. ఇప్పుడు రంగు మార్చేస్తే అంతమందిలో నన్నెక్కడ వెతుక్కుంటుంది?"

అతను నవ్వలేదు.

"ఇది కూడా రాస్తారా?"

"రాయను."

"అమ్మక్కూడా చెప్పకూడదు. తెలిస్తే మార్చేసుకోమని ప్రాణం తీస్తుంది."

"చెప్పను," అన్నాడు.

* * *

వానకి తడిసిన టీ మరక స్వెటర్ మీద ఇంకా పాకింది. ఇక లాభం లేదని మర్నాడు దాన్ని విప్పి, మడిచి, వీధి చివరి షాపుకి పట్టుకెళ్ళాడు.

లోపల తీగలకు కోట్లు వేలాడుతున్నాయి. ఇస్త్రీ యంత్రం బుస్సుమని ఆవిరి వదులుతోంది. గోడకి చిన్న టీవీ. అందులో పాత మ్యాచ్ ఏదో నడుస్తోంది. యంత్రం ముందు నిలబడ్డ పెద్దావిడ కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని టీవీకేసి కళ్ళు చికిలించి చూస్తోంది. అర్థం కావడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు.

"కూర్చో బాబూ. ఈ ఆట అయిపోనీ. అదిగో, ఆ బూడిదరంగుది మా అమ్మాయి."

"బాగా ఆడుతున్నారండీ."

"ఏమో బాబూ. కింద పడిపోతే అలిసిపోయి పడుకున్నారనుకునేదాన్ని. చచ్చిపోవడమని మొన్న ఎవరో చెబితే తెలిసింది. అప్పట్నించి కాస్త బెంగగా ఉంది."

ఆవిడ ఒక చొక్కా తిరగేసి యంత్రం కింద పెట్టింది. "నా బాధల్లా ఒకటే. అందరికీ మంచి మంచి రంగులిచ్చారు. దీనికేమో ఆ బూడిదది అంటగట్టారు. మా అమ్మాయి చిన్నప్పట్నించీ అంతే, నోరు తెరిచి అడగదు. అన్నం కూడా కొసరు అడిగేది కాదు. అంతమంది ధగధగలాడుతుంటే మధ్యలో ఇది అలా ఉంటే నాకు ఉసూరుమంటుంది. పైకి మాత్రం అనను. ఆడే పిల్ల, మనసు కష్టపెట్టడమెందుకు? నువ్వూ ఎక్కడా అనకు."

కూతురు తల్లి కోసం మార్చుకోదు. ఆ మార్చుకోకపోవడమే తల్లికి దిగులు. ఇద్దరూ చెప్పొద్దని అతనికే చెప్పారు.

"పైగా ఎవడో రాశాడట, రంగులేని మనిషని," అంది ఆవిడ. "వాడు గనక నాకు దొరికితే..."

యంత్రం బుస్సుమంది.

"దొరికితే ఏం చేస్తారండీ?"

"కాలరు దగ్గర్నించి మొదలుపెట్టి ఇస్త్రీ చేస్తాను. ఏదీ, నీ బట్టలేవీ?"

అతను స్వెటర్ బల్ల మీద పెట్టాడు. ఆవిడ కళ్ళద్దాలు కిందికి లాక్కుని మరకని పరీక్షగా చూసింది.

"టీ. నిండు కప్పు పడింది."

"అవునండీ."

"ఇన్నాళ్ళు ఎందుకు ఆగావు? బూడిదరంగు స్వెటర్ మీద టీ మరక వేసుకుని ఒకాయన వస్తాడు, రాసింది ఆయనేనని మా అమ్మాయి చెప్పి ఎన్నాళ్ళయిందో."

పారిపోదామంటే వెనక కోట్లు అడ్డం. "నేనేనండీ," అన్నాడు. "తప్పు రాశాను."

"తప్పని నాకు తెలుసు. నీకెప్పుడు తెలిసింది?"

"ఆవిడ మాట్లాడుతుంటే విన్నాక."

ఆవిడ యంత్రం ఆపేసింది. మొట్టమొదటిసారి అతన్ని నిదానంగా, పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపు అతనికి బాగా తెలిసిన చూపే. కూతురికి ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసింది.

"కూర్చో," అంది. "టీ తాగుతావా? ఈసారి నోట్లోకే."

* * *

ఆ తర్వాత అతను చేసిన పని తెలివైనదని అతనే అనుకోలేదు. ఇద్దరి మాటా దాచాలి, ఇద్దరి దిగులూ తీరాలి. తల్లి కళ్ళకి ఆ చిన్న టీవీలో, అంత ఆవిరిలో, ఏ రంగు అన్నిటికంటే తేలిగ్గా ఆనుతుందో తెలిస్తే చాలనుకున్నాడు. బొమ్మలు గీసే తన టాబ్లెట్‌లో రంగులన్నీ పట్టుకుని షాపుకి వెళ్ళి, "ఊరికే, నా పని కోసం" అంటూ దాన్ని టీవీకి కలిపి ఒక్కొక్కటే వేసి చూపించాడు. ఆవిడ సరదాగా కూర్చుంది.

"ఎరుపొద్దు, కళ్ళలో గుచ్చుకుంటోంది. ఈ ఆకుపచ్చ గడ్డిలో కలిసిపోయింది. ఆఁ, ఈ పసుపు బాగుంది. అద్దాలు లేకుండానే కనబడుతోంది."

"ఏం కనబడుతోంది?"

గుమ్మంలో గురి నిలబడి ఉంది. టీవీ తెర నిండా ఆమె తుపాకీ, నిమ్మపండు రంగులో. ఆమె మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"మీ ఒక్కరికే చెప్పాను," అంది అతనితో. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. "తిన్నగా ఇక్కడికే వచ్చారన్నమాట. నేను ఒప్పుకోకపోతే మా అమ్మచేత ఒప్పించాలనా? ఉద్యోగం ఖాయం కావాలి కదా."

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆ మాట అతనిది కాదు. ఆవిడకేసి చూశాడు. ఆవిడ ఇద్దరికేసీ మార్చి మార్చి చూస్తోంది.

"మీ అమ్మగారితో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి," అన్నాడు. "ఈ తుపాకీ గురించే." అంతే అని బయటికి వచ్చేశాడు. తెచ్చుకున్న టాబ్లెట్ అక్కడే మరిచిపోయాడు.

ఆఫీసుకి వెళ్ళి మేనేజర్ ఎదుట నిలబడ్డాడు. "నాలుగో స్కిన్ నేను గీయనండీ. ఆవిడ వద్దన్నారు."

"నీ ఉద్యోగం సంగతి తెలిసే అంటున్నావా?"

"తెలిసేనండీ."

మేనేజర్ కాసేపు అతన్ని వింతగా చూసి, "సాయంత్రం దాకా ఆలోచించుకో," అన్నాడు.

ఆలోచించడానికేమీ లేదు. బల్ల మీది సామాన్లు సర్దుకుంటుంటే, ఎదురుగా టాబ్లెట్ వచ్చి పడింది. దాని వెనక గురి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వు మాత్రం తిరిగొచ్చింది.

"అమ్మా నేనూ కూర్చుని తిట్టుకున్నాం," అంది. "తీరా చూస్తే నేను ఆవిడ కోసం బూడిదరంగు, ఆవిడ నా కోసం మౌనం. షాపుకొచ్చినవాళ్ళు బట్టలివ్వకుండా నిలబడి విన్నారు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీకు రెండూ తెలుసు. అయినా నా చేత మాటలు పడి వచ్చేశారు. ఎందుకని?"

"ఒకటి మీరు చెప్పింది, ఇంకోటి ఆవిడ చెప్పింది. అందులో నాదేమీ లేదు."

ఆమె టాబ్లెట్‌ని అతనివైపు తోసింది. "మీది ఏమైనా ఉంటే చెప్పచ్చు కదా."

"ఉంది. ఫైనల్ అయ్యాక చెబుతాను."

"సరే. ఎదురుచూడటం ఒక్కటే నాకు తెలుసని మీరే రాశారుగా." లేచింది. "పసుపు గీయండి. అమ్మ చూపించినదే."

అతను రెండు రోజులు తలెత్తకుండా గీశాడు. దూరం నుంచి చూస్తే సాదా నిమ్మపండు రంగు, ఒక్క గీత లేదు. ఆడే మనిషికి మాత్రమే కనబడే వైపు, చేతికి ఆనుకునేచోట, వేలి గోరంత ఏనుగు ఒకటి తొండం పైకెత్తి తుమ్ముతోంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు గురి ఆడుతున్న ఆట మర్చిపోయి నవ్వి, ఆ ఆట ఓడిపోయింది. కెప్టెన్ రంగులబాబుని రెండు రోజులు ప్రాక్టీసు గదిలోకి రానివ్వలేదు.

* * *

ఫైనల్ పెద్ద హాల్లో, ఆదివారం పొద్దున్న. తల్లి షాపు మూసి మొదటిసారి నేరుగా చూడటానికి వచ్చింది. అతని పక్కనే కూర్చుంది. తెర గోడంత ఉంది.

"అదిగో పసుపు," అంది మొదటి క్షణంలోనే. తర్వాత ముందు వరసవాళ్ళకీ, వెనక వరసవాళ్ళకీ, నీళ్ళ సీసాలమ్మే మనిషికీ చెప్పింది.

ఆట చివరి దాకా లాగింది. చివరి ఆటలో ముగ్గురూ పడిపోయి, పసుపు తుపాకీ ఒక్కటే మిగిలింది, ఎదుట నలుగురు. ఒకర్ని కొట్టింది. రెండోవాణ్ణి కొట్టింది. మూడోవాడు మెట్ల మీద పడ్డాడు. హాలంతా లేచి నిలబడింది. నాలుగోవాడు వెనకనుంచి వచ్చాడు.

రంగులబాబు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అంతా నిశ్శబ్దం. తల్లి ఒక్కతే నిలబడి, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొడుతోంది. ఆ చప్పట్లు ముందు వరసకి పాకాయి, తర్వాత హాలంతా. వేదిక మీద గురి హెడ్‌సెట్ తీసి, చప్పుడు ఎక్కణ్ణించి మొదలైందో చూసి, చెయ్యెత్తింది.

"గెలిచామా?" అంది తల్లి.

"లేదండీ."

"చూడ్డానికి గెలిచినట్టే ఉంది మరి," అని ఆవిడ ఆపకుండా కొడుతూనే ఉంది.

తిరుగు ప్రయాణం జట్టు బస్సులో. ఎక్కగానే గురి పక్క సీటులో కూర్చోవలసిన తల్లి, ముందుకెళ్ళి కెప్టెన్ పక్కన కూర్చుని, అతని చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారని ఆరా తియ్యడం మొదలుపెట్టింది. బస్సులో ఇంకొక్క సీటే ఖాళీగా ఉంది. రంగులబాబు అందులో కూర్చున్నాడు.

కొంతదూరం ఇద్దరూ కిటికీలోంచి చూశారు. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"ఫైనల్ అయిపోయింది," అంది గురి.

"అయిపోయింది."

"ఓడిపోయినవాళ్ళతో కాస్త మంచి మాటే చెప్పాలి మరి."

అతను గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళూ పళ్ళు తోముకుంటూ సిద్ధం చేసుకున్నవన్నీ ఎటు పోయాయో పోయాయి. "మీరంటే నాకు ఇష్టం," అన్నాడు.

"ఎవరంటే?"

"మీరంటే."

"నలుగురం ఉన్నాం. మీరంటే ఎవరు? కునుకా?"

ముందు సీటులో కునుకు కళ్ళు మూసుకునే, "నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

అతను ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. "నువ్వంటే."

గురి చెంపలు ఎర్రబడ్డాయి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి గొంతు పెంచింది. "అమ్మా, ఈయన నన్ను నువ్వంటున్నారు."

తల్లి వెనక్కి తిరగలేదు. "అననీ," అంది. "నువ్వూ అను."

బస్సంతా చెవులు రిక్కించి ఉంది. మ్యాచ్ మొత్తం మాట్లాడగలిగిన ఆ అమ్మాయి అతనివైపు తిరిగి, రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

"నువ్వు," అంది చివరికి. అతని చెయ్యి అందుకుని ఊరుకుంది.